ఆరు నెలల ప్యాకేజీకి డబ్బు కట్టేముందు

ప్రశ్న: మేడమ్, మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోడు. నోటితో అడిగితే గడగడా చెప్తాడు, రాయమంటే మాత్రం పేజీ కదలదు. స్కూలు నుంచి వారానికి రెండుసార్లు ఫోన్. రోజూ క్లాసు బయట నిలబెడుతున్నారని వాడి ఫ్రెండు చెబితే తెలిసింది. స్కూల్ కౌన్సెలర్ మాట మీద దగ్గర్లోని ఓ థెరపీ సెంటర్‌కు తీసుకెళ్లాం. ముప్పావు గంట చూసి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని ఇబ్బంది) అన్నారు. వారానికి ఐదు రోజులు ఆక్యుపేషనల్ థెరపీ (చేతిపనులు, రోజువారీ పనుల శిక్షణ), బిహేవియర్ థెరపీ (ప్రవర్తన మార్చే శిక్షణ), ఆరు నెలలట. నెలకు 22 వేలు, మొత్తం ముందే కడితే తగ్గింపు. ‘ఇంకా ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది’ అన్నారు. మావారేమో ‘నేనూ చిన్నప్పుడు ఇంతే, మా నాన్న నాలుగు తగిలిస్తే దారికొచ్చాను’ అంటారు. మా అత్తగారు ‘మగపిల్లాడన్నాక అల్లరి చేయడా, వాడికి పిచ్చి ముద్ర వేసి ఎర్రగడ్డకు తిప్పుతావా’ అని గొడవ. మందులు వాడితే అలవాటు పడిపోతాడని భయం. పోయిన వారం హోంవర్కు దగ్గర ఓపిక నశించి గట్టిగా కొట్టాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. లోపం నా పెంపకంలోనే ఉందా? ఆ డబ్బు కట్టమంటారా? మా పెద్దమ్మాయితో ఏ ఇబ్బందీ లేదు. తొమ్మిదో తరగతి, నెమ్మదస్తురాలు. రాత్రి పదకొండింటి దాకా పుస్తకం ముందే ఉంటుంది. కాస్త మతిమరుపు, ఈమధ్య మార్కులు తగ్గాయి, అంతే.
– ఓ తల్లి

సమాధానం: అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఆ ప్యాకేజీ ఇప్పుడు కట్టకండి. తొమ్మిదేళ్ల వయసులో సాయం మొదలుపెడితే ఆలస్యమైనట్టు కాదు. పరీక్షలు సరిగ్గా చేయించడానికి నెల పట్టినా మీ బాబుకు వచ్చే నష్టం లేదు. బిడ్డ గురించి బెంగ పెట్టుకున్న తల్లితో ‘చేయి దాటిపోతుంది, ముందే కడితే తగ్గింపు’ అనడం చాలా తప్పు. అలా భయపడి అప్పుచేసి కట్టిన కుటుంబాలు ఆరు నెలల తర్వాత ‘థెరపీ కూడా అయిపోయింది, ఇక వీడింతే’ అని ఆశ వదిలేసుకోవడం చూస్తూనే ఉన్నాను. పోయిన డబ్బు కంటే ఆ మాట వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

మీ బాబుకు ఉన్నది ఏడీహెచ్‌డీయేనా? ఉత్తరం చదివి చెప్పకూడదు, చెప్పను. ముప్పావు గంటలో తేలే విషయం కూడా కాదది. దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. పిల్లాడి కథంతా వినాలి, ఇంట్లోవాళ్లను, టీచర్లను అడగాలి. డాక్టర్లు ఎక్కువగా చూసే డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకం) ప్రమాణాల ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. ముఖ్యంగా వాటివల్ల పిల్లాడి చదువో, స్నేహాలో, ఇంట్లో బతుకో దెబ్బతింటూ ఉండాలి. ఒక్క అమ్మ దగ్గరే అల్లరి చేసి మిగతా అన్నిచోట్లా కుదురుగా ఉండే పిల్లాడికి ఈ పేరు పెట్టరు. మీ బాబు విషయంలో ఇంటి నుంచీ బడి నుంచీ ఒకే ఫిర్యాదు వస్తోంది కాబట్టి అనుమానం సబబే. తేల్చుకోవాల్సిందే.

తేల్చేటప్పుడు వేరే కారణాలు లేవని కూడా చూడాలి. కంటిచూపు, వినికిడి పరీక్ష జరిగిందా? నిద్రలో గురకపెట్టి ఉలిక్కిపడి లేస్తాడా? టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) వల్ల నిద్ర చాలని పిల్లలు పగలంతా ఇలాగే చిరాకుగా, నిలకడ లేకుండా ఉంటారు. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడా? పిలిచినా పలకడా? అది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఇవి గమనించి డాక్టరుకు చెప్పండి. ఇంకొకటి, మీరు మామూలుగా రాసేసిన వాక్యమే నన్ను బాగా ఆపింది. నోటితో గడగడా చెప్పే పిల్లాడికి రాయడం దగ్గర పేజీ కదలడం లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లల్లో చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో ప్రత్యేకమైన అభ్యసన లోపం కూడా కలిసి ఉంటుంది. రెండూ ఉంటే రెంటికీ వేరువేరుగా సాయం కావాలి. ఆ సెంటర్ ఇచ్చిన రిపోర్టులో రాత, చదువు పరీక్షించినట్టు ఎక్కడైనా ఉందేమో చూడండి. లేకపోతే ఆ రిపోర్టు సగమే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? పిల్లల మానసిక వైద్యులు గానీ, పిల్లల ఎదుగుదల మీద ప్రత్యేకంగా పనిచేసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ గానీ నిర్ధారణ చేయాలి. పరీక్షలు క్లినికల్ సైకాలజిస్ట్ చేస్తారు. సైకాలజిస్ట్ అయినా, ఇలాంటి పిల్లలకు చదువు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో పేరు నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగితే తప్పులేదు, సరైనవాళ్లు నొచ్చుకోరు. డబ్బు ఇబ్బంది అయితే పిల్లల కోసం నీలోఫర్ ఆసుపత్రి ఉంది, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ ఉంది. ఎదుగుదలలోనే జాప్యం ఉందని డాక్టరు అనుమానిస్తే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ.

ఎర్రగడ్డ పేరు వినగానే మీ అత్తగారి గొంతు మారిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మన ఊళ్లో తరతరాలుగా ఆ పేరును తిట్టుగా వాడేశాం. అది ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి. నిద్ర పట్టనివాళ్లు, దిగులుతో ఉన్నవాళ్లు, ఇలాంటి ఇబ్బందులున్న పిల్లల తల్లిదండ్రులు వెళ్లి ఓపీ చీటీ తీసుకుని డాక్టరును చూసి ఇంటికి వచ్చేస్తారు. అత్తగారితో వాదించకండి. వీలైతే ఒకసారి వెంట తీసుకెళ్లండి, డాక్టరు నోటితోనే విననివ్వండి. పెద్దవాళ్లకు కోడలు చెబితే ఎక్కనిది డాక్టరు చెబితే ఎక్కుతుంది. ఆవిడ భయం కూడా మనవడి మీద ప్రేమతో పుట్టిందే.

మీవారి మాటకు వస్తాను. ‘నేనూ చిన్నప్పుడు ఇంతే’ అన్నది చాలా విలువైన సమాచారం, డాక్టరు దగ్గర తప్పకుండా చెప్పించండి. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాళ్లు చాలా ఎక్కువ. కవలల మీద చేసిన పరిశోధనల్లో అది 70 నుంచి 80 శాతం దాకా తేలింది. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండటం మామూలే. అందుకే ‘నా పెంపకంలో లోపమా’ అన్న మీ ప్రశ్నకు జవాబు: కాదు. మీరు పనికి వెళ్లడం వల్లో, గారాబం వల్లో, చాక్లెట్లు పెట్టడం వల్లో ఇది రాదు. పెంపకం వల్ల ఇది పుట్టదు. కానీ పెంపకం తీరు మారితే పిల్లాడికి రోజు గడవడం తేలికవుతుంది. ఈ రెండూ నిజమే.

‘నాలుగు తగిలిస్తే దారికొచ్చాను’ అన్నదానికి మాత్రం మీవారితో కూర్చుని మాట్లాడాలి. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదళ్లను ఏళ్ల తరబడి స్కాన్ చేసి చూశారు. మెదడు పైపొర ఎదుగుదల మామూలు పిల్లల్లో సగటున ఏడున్నర ఏళ్లకు చేరే దశకు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో పదిన్నరకు గానీ చేరలేదు. ఎదుగుదల క్రమం ఒకటే, మూడేళ్లు వెనక. ఆ ఆలస్యం కూడా ఆలోచించి ఆగడానికి, దృష్టి నిలపడానికి పనికొచ్చే ముందు భాగంలో ఎక్కువగా కనిపించింది. మీ బాబు మాటల్లో, తెలివిలో తొమ్మిదేళ్లవాడే. ఆగమంటే ఆగడంలో మాత్రం ఒకటో తరగతి పిల్లాడనుకుని చూడమని వాళ్ల నాన్నకు చెప్పండి. ఆరేళ్ల పిల్లాడు గంటసేపు కదలకుండా రాయలేదని ఎవరూ కొట్టరు కదా. కొడితే ఆ పూటకు భయంతో కూర్చుంటాడు. ఆగే శక్తి మాత్రం దెబ్బతో రాదు. భయం మిగులుతుంది, అబద్ధాలు మొదలవుతాయి, డైరీ దాచేయడం మొదలవుతుంది.

మీవారు రేపు అడగబోయే ప్రశ్నకూ జవాబు చెబుతాను. ‘ఫోన్ ఇస్తే రెండు గంటలు కదలడు కదా, అప్పుడెక్కడి నుంచి వచ్చింది ఏకాగ్రత?’ చాలామంది నాన్నలు ఇదే అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో ఆట ప్రతి రెండు సెకన్లకూ ఏదో ఒకటి ఇస్తుంది: చప్పుడు, పాయింట్లు, కొత్త బొమ్మ. భాగాహారం లెక్క ఏమీ ఇవ్వదు. ఇస్తే గిస్తే నెలాఖరు పరీక్షలో ఇస్తుంది. విసుగ్గా ఉన్న పని మీద, ఫలితం దూరంగా ఉన్న పని మీద మనసును పట్టి నిలపడమే ఈ పిల్లలకు కష్టం. ఇష్టమైనదాని మీద మనసు నిలవడం వేరు, నిలపడం వేరు.

ఇక్కడే థెరపీ సంగతి వస్తుంది. మీ బాబుకు ఏం చేయాలో తెలియక కాదు. అడిగితే అన్నీ చెప్తాడు: ‘క్లాసులో మాట్లాడకూడదు, హోంవర్కు చేయాలి, బ్యాగు సర్దుకోవాలి.’ తెలిసింది ఆ క్షణానికి అందదు. కాబట్టి సాయం ఆ క్షణంలో, ఆ చోట అందాలి. సాయంత్రం మీ డైనింగ్ టేబుల్ దగ్గర, పొద్దున స్కూలు బస్సు వచ్చే ముందు, మూడో పీరియడ్‌లో టీచర్ దగ్గర. సెంటర్‌లో ముప్పావు గంట పూసలు గుచ్చించి, బంతి మీద కూర్చోబెట్టి పంపిస్తే అది ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. చేతివేళ్ల పట్టు సరిగా లేకనో, బొత్తాలు పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం రాకనో ఆక్యుపేషనల్ థెరపీ పెడితే అర్థముంది, మేలు కూడా చేస్తుంది. ఏడీహెచ్‌డీలోని నిలకడలేమి అదొక్కదానితో తగ్గుతుందంటే నమ్మకండి. ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ అని కళ్లకు గంతలు కట్టి చదివించే కోర్సుల జోలికైతే అసలు వెళ్లొద్దు.

ఈ వయసులో బాగా పనిచేస్తుందని తేలిన థెరపీ తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. వినడానికి విచిత్రంగా ఉంటుంది, ‘ఇబ్బంది పిల్లాడికైతే క్లాసు మాకా’ అంటారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో ఆరేళ్లలోపు పిల్లలకు మందుకంటే ముందు ఇదే ఇవ్వమంది. ఆరు దాటిన పిల్లలకు మందుతో పాటు ఇదీ, స్కూల్లో మార్పులూ కలిపి ఇవ్వమంది. పరీక్షలు అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, కొంత ఇవాళే మొదలుపెట్టొచ్చు. మీ ఇంట్లో హోంవర్కు గంటనే తీసుకుందాం.

సాయంత్రం ఆరున్నర అనుకోండి. బాబు టేబుల్ దగ్గర, మీరు వంటింట్లో, హాల్లో సీరియల్. పుస్తకంలో పన్నెండు భాగాహారాలు. వంటింట్లోంచే మీ కేక: ‘అయిందా? పెన్సిల్ కొరకడం ఆపు, అటు చూడకు, తొందరగా ముగించి పాలు తాగి రేపటి బ్యాగు సర్దుకో.’ ఒక్క ఊపిరిలో ఆరు మాటలు. వాడికి అందింది మొదటిది, అందులోనూ సగం.

ఇప్పుడు దీన్ని మారుద్దాం. ఆ అరగంట టీవీ ఆగిపోవాలి, అత్తగారిని బతిమాలుకోండి. టేబుల్ మీద ఆ ఒక్క నోట్సు, ఒక పెన్సిల్, ఇంకేం ఉండకూడదు. కుర్చీ గోడవైపు తిప్పండి. మీరు చిక్కుడుకాయలు తెచ్చుకుని వాడి పక్కనే కూర్చుని ఒలుచుకోండి. పన్నెండు లెక్కల్లో మూడే కనిపించేలా మిగతావాటి మీద తెల్లకాగితం కప్పండి. ‘ఈ మూడూ చెయ్యి’ అని భుజం మీద చేయి వేసి, కళ్లలోకి చూసి, ఒక్కసారి చెప్పండి. చెప్పి ఊరుకోండి. మూడూ అవగానే, తప్పొప్పులు చూడకముందే, ‘మధ్యలో లేవకుండా మూడూ చేశావు’ అనండి. ‘గుడ్ బాయ్’ అంటే వాడికేం తెలియదు. ఏం చేసినందుకు మెచ్చుకుంటున్నారో అది చెప్పాలి. కాగితం మీద ఒక టిక్ పెట్టండి. లేచి బాల్కనీ దాకా పరిగెత్తి వచ్చి నీళ్లు తాగనివ్వండి, రెండు నిమిషాలు. మళ్లీ మూడు లెక్కలు. నాలుగు టిక్కులకు ఆ సాయంత్రమే ఏదో ఒకటి దక్కాలి: నాన్నతో పావుగంట కింద క్రికెట్టో, రాత్రి టిఫిన్ ఏంటో వాడే చెప్పడమో. ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్ కొంటామన్న మాట ఈ పిల్లల దగ్గర పనిచేయదు, అది వాడికి కనిపించనంత దూరం.

ఒక జాగ్రత్త. లెక్కలన్నీ అయ్యాక మన నోటికి ఒక మాట వచ్చేస్తుంది: ‘చూశావా, కూర్చుంటే ఎంత బాగా చేస్తావో, రోజూ ఇలా ఎందుకు చేయవు?’ పెట్టిన మెప్పంతా ఆ చివరి ముక్కతో లాగేసుకున్నట్టే. అది మింగేయండి. రాత బాలేదని పేజీ చెరిపించి మళ్లీ రాయించడమూ మానేయండి, కనీసం ఈ రెండు నెలలు.

మొదటి వారం కొత్త కాబట్టి ఉత్సాహంగా చేస్తాడు. తర్వాత మొండికేస్తాడు, ముందుకంటే ఎక్కువ గోల చేస్తాడు. గోలకు మీరు ఇన్నాళ్లూ ఇచ్చిన జవాబు ఇప్పుడు రావడం లేదు కదా, గట్టిగా అడిగి చూస్తాడన్నమాట. చాలా ఇళ్లలో సరిగ్గా అప్పుడే ‘ఇది పనిచేయలేదు’ అని వదిలేస్తారు. మీరు వదలకండి. ఒకేసారి అన్నీ పట్టుకోకండి కూడా. పొద్దున బూట్లు, స్నానం, పాలు, అక్కతో గొడవ, అవన్నీ తర్వాత. నెలకు ఒక్క సంగతి చాలు.

స్కూలుకు వెళ్దాం. పీటీఎం (తల్లిదండ్రుల మీటింగ్) రోజు క్యూలో నిలబడి మాట్లాడే విషయం కాదిది. క్లాస్ టీచరును విడిగా పదిహేను నిమిషాలు అడగండి, మీవారు కూడా రావాలి. ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. క్లాసునిండా పిల్లలను పెట్టుకుని ఆవిడ కూడా అలిసిపోయి ఉంటుంది. కిటికీకీ తలుపుకూ దూరంగా, తనకు దగ్గరగా ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. నోట్సులు పంచడం, బోర్డు తుడవడం వాడికి అప్పగించమనండి, లేవడానికి అనుమతి దొరికిన పిల్లాడు దొంగతనంగా లేవడు. ఇంకా ఒక చిన్న కార్డు ఇవ్వండి. మూడే వరుసలు: రాయమన్నది సగమైనా రాశాడు, చేయెత్తి మాట్లాడాడు, డైరీ బ్యాగులో పెట్టుకున్నాడు. లంచ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి టీచర్ టిక్ పెడితే చాలు, నిమిషం పట్టదు. మొదట్లో వాడు గెలిచేంత తేలిగ్గా ఉండాలి. సగం టిక్కులొస్తే ఇంట్లో బహుమానం. వారానికి రెండు ఫిర్యాదు ఫోన్ల బదులు రోజుకో కార్డు ఇంటికొస్తుంది, అందులో ఎంతో కొంత మంచి ఉంటుంది.

క్లాసు బయట నిలబెట్టడం మాత్రం ఆగాలి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మొదటి మీటింగ్‌లో చట్టం ఎత్తక్కర్లేదు, ‘బయట ఉన్నంతసేపూ పాఠం పోతోంది మేడమ్’ అంటే చాలు. తర్వాత కూడా ఆగకపోతే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, సెక్షన్ నంబరుతో సహా.

మందుల గురించి మీ భయం అర్థమైంది. నేను మందులు రాసే డాక్టరును కాను, క్లినికల్ సైకాలజిస్టును, అయినా ఇంత చెప్పగలను. 1999లో అమెరికాలో 579 మంది పిల్లల మీద, వయసు ఏడు నుంచి పదిలోపు, 14 నెలల పాటు ఒక పెద్ద అధ్యయనం చేశారు. నిలకడలేమి, చంచలత్వం తగ్గడంలో జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందు, థెరపీ ఒక్కదానికంటే బాగా పనిచేసింది. మందూ థెరపీ కలిపి ఇచ్చిన పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. అందుకని ‘మందు వద్దు, థెరపీయే చేస్తాం’ అని ముందే గిరి గీసుకోకండి. మీ బాబు ఇబ్బంది ఎంత తీవ్రంగా ఉందో చూసి డాక్టరు చెప్తారు.

ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. గంటలోపే పని మొదలవుతుంది, రకాన్ని బట్టి నాలుగు గంటల నుంచి పగలంతా దాకా ఉంటుంది, సాయంత్రానికి ఒంట్లోంచి దిగిపోతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడే పిల్లలు దానికి బానిసలు కారు. చిన్నప్పుడు ఈ వైద్యం తీసుకున్నవాళ్లు పెద్దయ్యాక మత్తు అలవాట్లకు ఎక్కువగా లోనవుతారనీ తేలలేదు. అయినా దీన్ని చట్టం నియంత్రిత మందుల్లో పెట్టింది. చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లో దొరకదు, ఇంకొకరి పిల్లాడికి ఇవ్వకూడదు. మధ్యాహ్నం ఆకలి తగ్గుతుంది, కొందరికి నిద్ర ఆలస్యమవుతుంది. టిఫిన్ పెట్టాకే మాత్ర వేయండి, రాత్రి ఆకలి తిరిగొచ్చినప్పుడు కడుపునిండా పెట్టండి. ఎత్తు, బరువు, బీపీ డాక్టరు ప్రతిసారీ చూడాలి. మీ రెండు వైపుల కుటుంబాల్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లు ఎవరైనా ఉంటే, బాబు ఆటలో స్పృహతప్పి పడి ఉంటే, మందు మొదలుపెట్టకముందే చెప్పండి. ఇది పడకపోతే అటమాక్సెటిన్ లాంటి వేరే మందులున్నాయి, కాకపోతే దాని గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. పిల్లాడు మందకొడిగా, ముఖంలో కళ లేకుండా అయిపోతే అది ‘కుదురు’ అనుకుని సంతోషపడొద్దు. మోతాదు సరిగా లేదని అర్థం, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ చూశాక కూడా ఏదైనా సెంటర్‌కు వెళ్లాలనిపిస్తే తప్పేం లేదు, మన ఊళ్లో మంచి సెంటర్లూ ఉన్నాయి. వెళ్లి ఇవి అడగండి. వారంలో ఎన్ని గంటలు తల్లిదండ్రులతో పనిచేస్తారు? స్కూలు టీచరుతో మాట్లాడతారా? రెండు నెలల తర్వాత ఏ రెండు విషయాలు మారాలని అనుకుంటున్నారో కాగితం మీద రాసిస్తారా? థెరపీ చేసేది ఎవరు, ఆ మనిషి ప్రతి నెలా మారిపోతారా? సెషన్‌లో నేను కూర్చోవచ్చా? తలుపు మూసి ‘మీరు బయట ఉండండి’ అనేచోట, నెలనెలా కాకుండా మొత్తం ఒకేసారి కట్టమనేచోట పిల్లాడిని పెట్టకండి.

కొట్టిన రాత్రి నిద్ర పట్టలేదన్నారు. బాబుతో ఒకసారి చెప్పండి: ‘ఆరోజు కొట్టాను, అది నా తప్పు, ఇంక కొట్టను.’ తొమ్మిదేళ్ల పిల్లాడికి అది అర్థమవుతుంది. వాడిముందు ఏడ్చి వాడే మిమ్మల్ని ఓదార్చేలా మాత్రం చేయకండి. మళ్లీ చేయి లేచేంత కోపం వచ్చినప్పుడు పుస్తకం మూసేసి ఆ గదిలోంచి లేచిపోండి. ఒక రోజు హోంవర్కు పోతే పోయింది, డైరీలో ‘అవలేదు’ అని మీరే రాసి సంతకం పెట్టండి. ఇలా నిద్ర లేకుండా వారాలు గడుస్తుంటే మీకూ సాయం కావాలి. 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో ఏ వేళప్పుడైనా మాట్లాడతారు.

చివరగా మీరు ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్న మీ పెద్దమ్మాయి. ఉత్తరంలో ఆ పాప గురించి నాలుగు ముక్కలే ఉన్నాయి, అవే మళ్లీ మళ్లీ చదివాను. నెమ్మదస్తురాలు, మతిమరుపు, రాత్రి పదకొండింటి దాకా పుస్తకం ముందే ఉంటుంది, అయినా మార్కులు తగ్గుతున్నాయి. ఏడీహెచ్‌డీలో అల్లరి, గంతులు లేని రకం ఒకటుంది. మనసు ఒకచోట నిలవదు, వస్తువులు పోగొట్టుకుంటారు, మొదలుపెట్టిన పని ముగియదు, కానీ ఎవరినీ ఇబ్బంది పెట్టరు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే ఎక్కువగా తప్పిపోతుంది. స్కూలు నుంచి వాళ్ల గురించి ఫోన్ రాదు. చిన్న తరగతుల్లో తెలివితో నెట్టుకొస్తారు, సిలబస్ పెరిగే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బయటపడుతుంది. అప్పటికి ఆ పిల్ల తనను తాను మొద్దుననో బద్ధకస్తురాలిననో నమ్మేసి ఉంటుంది. తమ్ముడికే ఉంటే అక్కకూ ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ.

ఏడీహెచ్‌డీయే అని అనడం లేదు. రక్తహీనత, థైరాయిడ్, దిగులు, స్కూల్లో ఎవరైనా ఏడిపించడం, ఏదైనా కావచ్చు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. ఒక సాయంత్రం తమ్ముడిని నాన్నకు వదిలి పాపతో మీరొక్కరే బయటికి వెళ్లండి. ‘చదవడానికి కూర్చున్నప్పుడు నీ మనసులో ఏమవుతుంది?’ అని అడిగి, మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. ‘నేను ఉండి ఏం లాభం’ లాంటి మాట వస్తే ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి, పాపను ఒంటరిగా వదలొద్దు.

పద్నాలుగేళ్ల పిల్లకు టిక్కులు, కార్డులు పెడితే అవమానపడుతుంది. ఏ సబ్జెక్టు ముందు, ఎంతసేపు, ఎప్పుడు గుర్తుచేయాలి అన్నది పాపే చెప్పాలి. ఏ వైద్యమైనా ఆ వయసులో పిల్ల ఒప్పుకుంటేనే నిలబడుతుంది. అరగంట చదువు, ఐదు నిమిషాలు లేవడం, రేపటి పనులు కళ్లముందు గోడమీద రాసి ఉండటం, పదిన్నరకల్లా నిద్ర, వీటితో మొదలుపెట్టొచ్చు. పరీక్షలో అభ్యసన లోపం బయటపడితే ఇప్పుడే సర్టిఫికెట్ తీసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అది ఉంది, బోర్డు పరీక్షలో అదనపు సమయం లాంటివి అడగడానికి అదే ఆధారం. ఏడీహెచ్‌డీ విడిగా ఆ జాబితాలో లేదు. ఇంటర్‌కు హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీలో సీటు మాట్లాడే ఆలోచన మీ ఇంట్లో ఉంటే, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోవడం ఆ పాపకు ఎలా ఉంటుందో తేలేదాకా అడ్వాన్సు కట్టొద్దు.

డాక్టరు దగ్గర రెండు అపాయింట్‌మెంట్లు తీసుకోండి, ఒకే గంటలో ఇద్దరినీ చూపించకండి. ఇద్దరి ప్రోగ్రెస్ కార్డులు, ఒకటో తరగతి నుంచి దొరికినవన్నీ, విడివిడి ఫైళ్లలో పెట్టుకుని వెళ్లండి. మార్కుల కంటే టీచర్లు కింద చేత్తో రాసిన వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి. బాబువి ఇటీవలి నోట్సులు రెండు, చెరిపివేతలతో సహా. మీవారిని తన చిన్నప్పటి స్కూలు సంగతులు వాళ్ల అమ్మగారిని అడిగి రమ్మనండి. మీ అత్తగారికి అవన్నీ గుర్తుండే ఉంటాయి.